తిరగేసిన కాలు

ఆ పిల్లకి ఇంట్లో పెట్టిన పేరు వేరే ఉంది కానీ, వీధిలో అందరూ బలపం అనే పిలిచేవాళ్ళు. కాలికి బలపం కట్టుకుని తిరుగుతావేమే అని వాళ్ళమ్మ రోజుకు పదిసార్లు తిట్టడం విని విని, చుట్టుపక్కలవాళ్ళు ఆ తిట్టునే పేరుగా ఖాయం చేసేశారు. తండ్రి టైలరు. ఇంటి ముందుగదే దుకాణం. వీధివైపు కటింగ్ బల్ల, గోడవారన రెండు కుట్టుమిషన్లు, ఇస్త్రీ అయిన బట్టలు వేలాడే ఇనుపకమ్మీ. తల్లి కాజాలు తీసేది, గుండీలు కుట్టేది, అంచులు మడిచి చేతికుట్టు వేసేది. కుట్టడం పూర్తయిన బట్టలు ఇళ్ళకు చేర్చడం బలపం వంతు. ఆ పని నడిచి కూడా చేయవచ్చని ఆ పిల్లకి ఎవరూ చెప్పినట్టు లేదు. పదిహేనేళ్ళకే తండ్రిని మించిన పొడుగు, అందులో ముప్పాతిక కాళ్ళే. బళ్ళో పరుగుపందేల జట్టుకి ఎంపికైందంటే ఎవరూ వింతపడలేదు.

ముందే చెప్పేస్తున్నాను, ఆ పిల్లకి పెద్ద జబ్బు చేసింది, కానీ బతికి బట్టకట్టింది. కాబట్టి పోతుందేమోనన్న భయం మీకక్కర్లేదు. ఆమె ఇప్పటికీ తేరుకోనిది జబ్బు నుంచి కాదు, ఆ జబ్బు బయటపడ్డ రోజున తండ్రి గురించి తాను అన్న ఒక్క మాట నుంచి.

టైలరుకి ఒక నియమం ఉండేది. కంటికి కనబడింది నోటితో అనకూడదు. మనిషి ఒంటికి రెండు పక్కలూ ఒకేలా ఉండవన్న సంగతి టైలరుకి తెలిసినంతగా కన్నతల్లికి కూడా తెలియదు. ఒకరికి కుడిభుజం జారి ఉంటుంది. ఒకరికి నడుము ఒకవైపు ఎత్తు. ఇంకో పెద్దమనిషి పొట్ట ఏటా రెండంగుళాలు ముందుకు నడుస్తుంది. ఇవన్నీ టేపుకి తెలియాలి, కత్తెరకి తెలియాలి, నోటికి మాత్రం తెలియకూడదు. "మన పని లోపం కప్పిపెట్టడం, ఎత్తి చూపడం కాదు" అనేవాడు. గిరాకీ వచ్చింది ఆ గుణం వల్లే. కొంప మునిగింది కూడా ఆ గుణం వల్లేనని వీధివాళ్ళు తరవాత అనుకున్నారు. అది సగమే నిజం.

బడి యూనిఫాం ప్యాంటు ఎడమకాలు మోకాలి పైన పట్టేస్తోందని కూతురు మొదటిసారి తెచ్చి ఇచ్చింది. అతను కుట్టు విప్పి, లోపల దాచి ఉంచిన గుడ్డలోంచి పావంగుళం వదిలి మళ్ళీ కుట్టేశాడు. ఎదిగే పిల్ల అనుకున్నాడు. ఎదిగే పిల్ల ఒక్క కాలితోనే ఎదుగుతుందా అని మీరు అడగొచ్చు. ముప్పై ఏళ్ళుగా వంకర ఒళ్ళు తప్ప చూడనివాడికి ఒక కాలు కాస్త లావుండటం ఏమంత విడ్డూరం?

మూడు వారాలకి అదే ప్యాంటు, అదే కాలు. మధ్యాహ్నం పూట. తల్లి దారపురీళ్ళకని బజారుకి వెళ్ళింది. అతని చెవి మీద సుద్దముక్క ఉంది, పెదాల మధ్య గుండుసూదులున్నాయి. కూతురి కాలి చుట్టూ టేపు వేసి చూశాడు. కుడికాలికి కూడా వేసి చూశాడు. అప్పుడు నోట్లోంచి సూదులు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టాడు.

"ఏం తల్లీ, ఈ కాలు వాచినట్టుందే. దెబ్బేమైనా తగిలిందా?"

"బడి మెట్ల మీద పడ్డాను నాన్నా. తగ్గిపోతోందిలే. అమ్మకి చెప్పకు, పందెం మాన్పించేస్తుంది."

"నిజంగా పడ్డావా?"

"నిజం నాన్నా."

అతను ఒక్క క్షణం ఆ పిల్ల మొహంలోకి చూసి, సూదులు మళ్ళీ పెదాల మధ్య పెట్టుకున్నాడు.

ఆ పిల్ల ఎక్కడా పడలేదు. అప్పటికి రెండు నెలలుగా ఎముక లోపల ఎవరో కూర్చుని తొలుస్తున్నట్టు ఉండేది. పరిగెడుతుంటే కాదు, పడుకుంటే ఎక్కువయ్యేది. వేళ్ళతో నొక్కితే తొడ కింద గట్టిగా, కదలకుండా ఒక ఉబ్బు. ఏదో బాగోలేదని ఆ పిల్లకి తెలుసు. పందేనికి ఇంకా ఐదు వారాలుందని కూడా తెలుసు. ఆ ఐదు వారాల కోసం అబద్ధమాడింది. పదిహేనేళ్ళ పిల్లకి ఐదు వారాలు ఎంత పెద్దవో మనం మరిచిపోయి ఉంటాం.

మూడోసారికి లోపల వదలడానికి గుడ్డ మిగల్లేదు. అదే రంగు గుడ్డలోంచి సన్నటి ముక్క కత్తిరించి పక్కకుట్టులో వేశాడు. ఈసారి అడగలేదు. ఒకసారి అడిగాడు, జవాబు వచ్చింది, కన్నకూతురి జవాబు నమ్మాడు.

పందెంలో ఆరుగురు పరిగెత్తారు, బలపం ఆరోది. గోడలు పట్టుకుంటూ ఇంటికొచ్చింది. మర్నాడు ఉతకడానికి ఆ ప్యాంటు తిరగేసిన తల్లి చేతికి ముక్క తగిలింది. ఆవిడ ప్యాంటుని కటింగ్ బల్ల మీద పరిచి ఒక కాలు మీద ఇంకో కాలు పెట్టి చూసింది. కుట్టుపనిలో బతికే మనిషికి ఇంకెవరూ ఏమీ చెప్పనక్కర్లేదు. గదిలోకి వెళ్ళి, వద్దమ్మా అంటున్నా వినకుండా కూతురి కాలు చూసి, ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

ఎక్స్‌రేలయ్యాయి, స్కానింగులయ్యాయి, సూదితో ఎముకలోంచి ముక్క తీసి పరీక్షకి పంపడమైంది. పది రోజుల తరవాత ముగ్గురినీ పెద్ద డాక్టరు తన గదికి పిలిచాడు. ఆస్టియోసార్కోమా అన్నాడు. పలకడానికి నోరు తిరగని పేరు. ఎముకలోనే పుట్టే క్యాన్సరు, చాలా అరుదు, వస్తే ఎక్కువగా ఇదిగో ఈ వయసు పిల్లలకే వస్తుంది అన్నాడు. నెమ్మదిగా, ఏమీ దాచకుండా మాట్లాడే మనిషి.

"వాపు మొదలై ఎన్నాళ్ళయింది?"

టైలరు చేతిలో ఉన్న కాయితాల అంచు మడుస్తూ కూర్చున్నాడు.

"ఎందుకంటే కణితి చాలా పెరిగింది. ఇంకాస్త ముందొస్తే కాలు నిలబెట్టే అవకాశం ఎక్కువుండేది."

తల్లి తల తిప్పి కూతురి వైపు చూసింది. "నాకెందుకు చెప్పలేదే?" అంది. గట్టిగా కూడా అనలేదు. ఆ చూపు ముందు పిల్లకి, తన మీద పడబోతున్నదేదో పక్కకి తోసేయాలి, అంతే. పక్కన తండ్రి ఉన్నాడు.

"నాన్నకి తెలుసు. మూడుసార్లు ప్యాంటు లూజు చేశాడు. ఒక్కసారైనా ఎందుకని అడగలేదు."

టైలరు నోరు తెరిచాడు. కూతురి మొహం చూశాడు. మళ్ళీ మూశాడు.

"అవునండీ," అన్నాడు డాక్టరుతో, "నేను అడగలేదు."

ఆ రోజు నుంచి తల్లి అతనితో మాటలు మానేసింది.

తరవాతి పది వారాలు, ఆపైన ఆపరేషన్ అయ్యాక ఇంకొన్ని నెలలు మందులు ఎక్కించారు. నరంలోకి చుక్కచుక్కగా దిగే ఆ మందుకి కడుపులో ఉన్నదే కాదు, లేనిదీ బయటికి వచ్చేది. రెండో విడతకి జుట్టు దువ్వెనతో పాటు వచ్చేసింది. నోరంతా పుళ్ళు. చెవుల్లో ఎవరో సన్నగా ఈల వేస్తున్నట్టు మొదలైంది. ఆ ఈల ఈనాటికీ ఆగలేదు. మూత్రం ఎంత పోసిందో, నీళ్ళు ఎన్ని తాగిందో తల్లి ఒక కాయితం మీద రాసుకుంటూ కళ్ళలో ఒత్తులు వేసుకుని కూర్చునేది. తండ్రి వార్డు బయట బెంచీ మీద కూర్చునేవాడు. లోపలికి రావద్దని అతనికి ఎవరూ చెప్పలేదు. తనకు తానే రాలేదు.

పక్క మంచంలో కాలేజీ చదివే అమ్మాయి ఉండేది. అదే జబ్బు. ఎవరికి ఏ మందు ఎందుకు ఎక్కిస్తున్నారో నర్సుకన్నా ముందు వివరించేది కాబట్టి అందరూ లెక్చరరమ్మ అనేవాళ్ళు. ఒక కాలు తొడ దాకా తీసేశారు. "ఇంతకుముందు కోపమొస్తే ఊరికే అరిచేదాన్ని, ఇకనుంచి నిజంగానే ఒంటికాలి మీద లేస్తాను" అని నవ్వించేది. ఐదో నెలలో జబ్బు ఊపిరితిత్తులకి పాకింది. ఓ ఉదయం బలపం పరీక్షకి వెళ్ళి వచ్చేసరికి ఆ మంచం మీద ఉతికిన దుప్పటి పరిచి ఉంది. మధ్యాహ్నానికి ఇంకొకరు వచ్చి పడుకున్నారు.

అంతకు ముందే, మొదటి పది వారాలు ముగిసేసరికి ఆపరేషన్ మాట వచ్చింది. డాక్టరు మళ్ళీ ముగ్గురినీ కూర్చోబెట్టాడు. లోపల ఇనుప ఎముక వేసి కాలు కాపాడే దశ దాటిపోయిందన్నాడు. ఇక రెండే దారులు. ఒకటి, తొడ పైదాకా తీసేయడం. రెండోది, మోకాలితో సహా జబ్బున్న మధ్యభాగాన్ని తీసేసి, కింది కాలిని వెనక్కి తిప్పి తొడకి అతకడం. పాదం మోకాలి ఎత్తుకు వస్తుంది. వేళ్ళు వెనక్కీ, మడమ ముందుకీ ఉంటాయి. చీలమండ మోకాలిలా వంగుతుంది. దాని కింద కట్టుడుకాలు తొడుక్కుంటే బాగా నడవొచ్చు. కాయితం మీద బొమ్మ గీసి చూపించాడు.

తల్లి ఆ బొమ్మని చూడలేకపోయింది. "పాదం వెనక్కి తిరిగి ఉంటుందా? దెయ్యాలకి కదండీ అలా ఉండేది" అంది.

టైలరు మాత్రం కాయితాన్ని ఇటూ అటూ తిప్పి చూశాడు. అన్ని వారాల్లో అతను నోరు విప్పింది అప్పుడే.

"కాలరు తిరగేసినట్టు," అన్నాడు.

డాక్టరుకి అర్థం కాలేదు.

"చొక్కాకి ముందు అరిగేది కాలరేనండీ. మిగతా చొక్కా బాగానే ఉంటుంది. అప్పుడు కాలరు విప్పి, అరిగిన వైపు లోపలికీ, మంచి వైపు బయటికీ తిరగేసి అక్కడే కుట్టేస్తాం. ఇంకో మూడేళ్ళు తొడుక్కోవచ్చు. మీరు చేసేది అదేగా?"

"దాదాపు అదే," అన్నాడు డాక్టరు. "పెద్ద నరం తెగకుండా చూసుకుంటాం. అదే కష్టం."

ఆ సాయంత్రం టైలరు మందపాటి గుడ్డతో ఒక కాలు కుట్టాడు. లోపల గుడ్డపేలికలు కూరాడు. మర్నాడు మొదటిసారి వార్డు లోపలికి వచ్చి, కూతురి మంచం మీద కూర్చుని, ఆ గుడ్డకాలి మధ్యభాగం కత్తిరించి తీసేసి, కింది ముక్కని తిప్పి పైముక్కకి కుట్టి చూపించాడు. పిల్ల దాన్ని చేతిలోకి తీసుకుని మడిచింది, చాపింది.

"దీంతో మిషను తొక్కొచ్చా?"

"మిషను కుడికాలితో తొక్కు. ఇది నిలబడటానికి, నడవడానికి."

"పరిగెత్తొచ్చా?"

మీరూ నేనూ అయితే పరిగెత్తొచ్చు అనేసేవాళ్ళం. అతను అనలేదు. "తెలీదు తల్లీ," అన్నాడు.

అందుకే ఆ పిల్ల నమ్మింది. తిరగేయించుకుంటానని డాక్టరుకి చెప్పింది.

ఆపరేషన్ తరవాత తొలిసారి కట్టు విప్పినప్పుడు తన మడమ తనకెదురుగా కనిపించింది. వేళ్ళు ఆడించమన్నారు. ఆడించింది. వెనకాల ఎక్కడో కదిలాయి. కదిలినందుకు డాక్టరు సంబరపడుతుంటే ఆ పిల్ల పళ్ళెంలోకి వాంతి చేసుకుంది. కట్టుడుకాలితో అడుగు వేయడానికి ఐదు నెలలు పట్టింది. చాలాసార్లు పడింది. ఈసారి నిజంగానే పడింది.

మళ్ళీ బడికి వెళ్ళలేదు. ముందుగదిలో తండ్రి పక్కన కటింగ్ నేర్చుకుంది. ప్యాంటు కుట్టాలంటే కొలతకి ఒక పాత బట్ట ఇస్తారు, దాన్ని ఆది అంటారు. ఆమె కాలికి ఆది లేదు. లోకంలో ఎక్కడా ఉన్నట్టు టైలరు వినలేదు. తనే నాలుగుసార్లు కుట్టి, నాలుగుసార్లు విప్పి, ఐదోసారికి కుదిర్చాడు. వీధి పిల్లలు దెయ్యం అని అరిచి పారిపోతుంటే ఒకరోజు ఆమె కట్టుడుకాలు ఊడదీసి, వెనక్కి తిరిగిన వేళ్ళు ఆడించి చూపించింది. అరుస్తూ పరిగెత్తారు. మర్నాడు ఇంకో నలుగురిని వెంటబెట్టుకొచ్చారు. ఆమెని బాధపెట్టింది వాళ్ళు కాదు, పెద్దవాళ్ళు. ఎవరో చెప్పినట్టు అందరూ ఒక్కసారిగా బలపం అని పిలవడం మానేశారు.

పద్దెనిమిదో ఏట ఊపిరితిత్తుల్లో రెండు మచ్చలు కనిపించాయి. లెక్చరరమ్మ మంచం మీద పరిచిన దుప్పటి గుర్తొచ్చి ఆమె మూడు రోజులు అన్నం ముట్టలేదు. పక్కటెముకల మధ్య కోసి మచ్చలు తీశారు. మళ్ళీ మందులు, మళ్ళీ జుట్టు ఊడటం. ఆ తరవాత ఏమీ రాలేదు. ఐదేళ్ళు, పదేళ్ళు గడిచాయి. పెద్ద డాక్టరు రిటైరవుతూ, "ఇక నువ్వు మా దగ్గరికి రానక్కర్లేదమ్మా," అన్నాడు. లెక్చరరమ్మ పోయింది, తను ఉంది. ఎందుకో ఎవరూ చెప్పలేరు. ఆమె కూడా అడగడం మానేసింది.

టైలరు మాత్రం మారిపోయాడు. చూసింది అనకూడదన్న నియమం గాలికొదిలేశాడు. దుకాణంలో కాలు పెట్టినవాళ్ళందరినీ ఆరా తీసేవాడు. భుజం ఎందుకు దిగింది, నడుము ఎందుకు తగ్గింది, ఈ చెయ్యి ఎందుకు లావైంది. పొట్ట గురించి అడిగినందుకు ఆ పెద్దమనిషి మొహం మాడ్చుకుని వేరే టైలరుని చూసుకున్నాడు. పిల్లల బట్టలకి వచ్చిన ప్రతి తల్లినీ నిలబెట్టి అతను తన కథ చెప్పేవాడు. "మా అమ్మాయి ప్యాంటు మూడుసార్లు లూజు చేశానమ్మా. ఒక్కసారైనా ఎందుకని అడగలేదు. మీరు అడగండి." ఇరవై ఏళ్ళు అదే కథ, అవే మాటలు. మిషను తొక్కుతూ కూతురు వినేది. ఆ మాటలు ఎవరి నోట్లోంచి మొదట వచ్చాయో ఆమెకి తెలియదా?

తల్లి అతనికి అన్నం పెట్టేది, బట్టలు ఉతికేది, అతనితో మాత్రం మాట్లాడేది కాదు. "మీ నాన్నతో చెప్పు, దారం అయిపోయిందని." "మీ నాన్నతో చెప్పు, స్నానానికి నీళ్ళు కాగాయని." మూడడుగుల దూరంలో ఉన్న మొగుడికి ఆ కబుర్లు మోసింది కూతురే. చెప్పేయాలి అని ప్రతి ఏడూ అనుకునేది. మొదట్లో భయం. తరవాత సిగ్గు. ఆపైన, ఇన్నేళ్ళయ్యాక చెప్తే అమ్మ ఈ ఇన్నేళ్ళ మౌనాన్నీ ఏం చేసుకుంటుంది అన్న ఆలోచన. సాకుగా చూస్తే అది మంచి సాకే.

గుండెజబ్బుతో మంచం పట్టిన తల్లి ఒక పొద్దున కూతుర్ని దగ్గరికి పిలిచింది. "మీ నాన్నని క్షమిద్దామనే చూశానే. పోయేముందైనా అవుతుందనుకున్నాను. నా వల్ల కావట్లేదు."

కూతురు నోరు విప్పాల్సింది అక్కడ. ఆమె మీద నాకు జాలి ఎంత ఉందో కోపమూ అంతే ఉంది. నిజం నాలుక చివరి దాకా వచ్చింది, బయటికి రాలేదు. "పడుకో అమ్మా," అంది. మూడో రోజున తల్లి పోయింది. పోయేదాకా మొగుడితో ఒక్క మాట మాట్లాడలేదు. అతను మంచం కాళ్ళ దగ్గర నిలబడి, ఏదైనా అంటుందేమోనని ఆఖరిదాకా చూశాడు.

నెల తరవాత ఓ మధ్యాహ్నం జోరున వాన. దుకాణంలో గిరాకీ లేదు. ఆమెకి ముప్పై ఆరేళ్ళు, ఆయనకి డెబ్భై దాటాయి. ఆయన బల్ల మీద గుడ్డ పరిచి సుద్దతో గీతలు గీస్తున్నాడు. ఆమె మిషను ఆపింది.

"నాన్నా, నీకొకటి చెప్పాలి. నువ్వు అడిగావు."

"ఏం అడిగాను?"

"నా కాలు సంగతి. రెండోసారి లూజు చేసేటప్పుడు. దెబ్బ తగిలిందా అని అడిగావు. మెట్ల మీద పడ్డానని నేనే అబద్ధం చెప్పాను. అడగలేదని డాక్టరు దగ్గర కూడా అబద్ధమే చెప్పాను. తప్పు నాది నాన్నా."

ఆయన గీత పూర్తిచేసి తలెత్తాడు. కోపం లేదు, ఆశ్చర్యం కూడా లేదు. చిన్నపిల్ల ఏదో ముద్దుమాట అన్నట్టు చూశాడు.

"అమ్మ పోయిందని నా మీద జాలిపడుతున్నావు. నాకు గుర్తు లేదనుకున్నావా? నేను అడగలేదు."

"అడిగావు నాన్నా. మధ్యాహ్నం పూట. అమ్మ బజారుకి వెళ్ళింది. నోట్లోంచి సూదులు తీసి మరీ అడిగావు. ఇదిగో, ఈ బల్ల మీదే పెట్టావు."

ఆయన బల్ల వైపు చూశాడు. నిజంగానే గుర్తుతెచ్చుకోవడానికి ప్రయత్నించాడు. ఆమె ఆ మొహాన్నే చూస్తోంది. అక్కడ ఏమీ దొరకలేదు. ఇరవై ఏళ్ళుగా వచ్చిన ప్రతి మనిషికీ అడగలేదు, అడగలేదు అని చెప్పిన నోరు అది. ఆ రోజు డాక్టరు ముందు ఆయన కూతురి కోసం మోసిన అబద్ధం ఎప్పుడో నిజమై కూర్చుంది, అసలు నిజానికి లోపల చోటు మిగల్లేదు.

"ఒట్టు నాన్నా," అంది ఆమె. ఏడుస్తోంది.

ఆయన బల్ల చుట్టూ నడిచి వచ్చి ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. వేళ్ళకి సుద్దపొడి ఉంది.

"పిచ్చితల్లీ, నేను అడిగి ఉంటే నువ్వు చెప్పకుండా ఉంటావా? అలాంటి పిల్లవి కాదు నువ్వు."